టీ బల్ల మీది డబ్బా

"డబ్బా ఇటియ్యి."

"ఇవ్వను."

వంటింటి బల్లకు ఆ పక్క మెర్వ్ ట్రెలోర్, ఈ పక్క అతని కూతురు బ్రాన్. మధ్యలో ఎవరూ ముట్టని మటన్ చాప్స్ చల్లారిపోతున్నాయి. బ్రాన్ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి ఒక రోజు కూడా కాలేదు. చేతి మీద సూదులు గుచ్చిన చోటల్లా కమిలిపోయింది. ఎక్కించిన రక్తం ఎవరిదో గాని పౌరుషం మాత్రం అచ్చంగా ట్రెలోర్లదే. పాత బిస్కెట్ డబ్బా ఒకదాన్ని గుండెకు అదుముకుని, కుర్చీలో కూర్చోకుండా నిలబడింది.

ఆ డబ్బా మూత మీద ఎర్ర చిలక బొమ్మ ఉంటుంది. రంగు సగం రాలిపోయింది. మెర్వ్ మేస్త్రీ జట్టు రివరైనా మైదానాల్లో ఏ షెడ్డుకు వెళ్ళి గొర్రెల ఉన్ని కత్తిరించినా, టీ వేళకు బల్ల మీద కెటిల్, స్కోన్ రొట్టెలు, జామ్, వాటి పక్కన ఈ చిలక డబ్బా ఉండి తీరాలి. అందులో బిస్కెట్లు ఉండి ఎన్నేళ్ళయిందో! ఉండేవి నొప్పి మాత్రల రేకులు. ఒక్కో మాత్రలో రెండు మందులు కలిసి ఉంటాయి. వాపును అణిచే ఐబుప్రోఫెన్ ఒకటి, నల్లమందు జాతికి చెందిన కోడీన్ ఒకటి. నడుం పట్టేసినవాళ్ళు వేసుకుంటారు, మణికట్టు వాచినవాళ్ళు వేసుకుంటారు, ఏమీ లేకపోయినా మిగతా పూట తలచుకుని నీరసపడ్డవాళ్ళూ వేసుకుంటారు. ఎవరూ ఎవరినీ అడగరు. అది ఆ జట్టు మర్యాద.

"రేపట్నుంచి షాపులో అడిగినా ఇవ్వరట. డాక్టరు చీటీ ఉండాలట," అన్నాడు మెర్వ్. "పొద్దుట్నుంచి ఊరూరూ తిరిగి, దొరికినచోటల్లా బతిమాలి తెచ్చాను. నా జట్టు కోసం తెచ్చాను. నీ అలకల కోసం కాదు."

"అలకా? నేను నెత్తురు కక్కాను నాన్నా. షెడ్డులో, అందరి ముందు, కత్తిరిస్తున్న గొర్రె మీద కక్కాను. అది అలకా?"

"కక్కావులే. ఎవరి వల్ల? అందరూ రెండు వేసుకుని ఊరుకుంటే నువ్వు దొంగచాటుగా గుప్పెళ్ళు మింగావు. తప్పు నీది పెట్టుకుని డబ్బాను తిడతావేం?"

"అవును, మింగాను. దొంగచాటుగానే మింగాను. చాలా? ఇంకా గట్టిగా చెప్పమంటే వీధిలోకెళ్ళి చెప్తా." బ్రాన్ గొంతు పెరిగింది. "నేను మాత్రం గుప్పెళ్ళతోనే మొదలుపెట్టానా? రెండుతోనే మొదలుపెట్టా. రెండు చాలకపోతే నాలుగు. నడుం నొప్పి పోయాక కూడా చెయ్యి దానంతటదే డబ్బాలోకి పోయేది. డాక్టరమ్మ ఏమందో వింటావా? పొట్టలో పుండు చేసింది ఒక మందట, ఆపనివ్వకుండా చేసింది రెండోదట. రెండూ కలిసి ఒక బిళ్ళలో కూర్చున్నాయి. ఆ బిళ్ళ మన టీ బల్ల మీద కూర్చుంది."

సింకు దగ్గర అటు తిరిగి డాట్ మర్నాటి వంటకు బంగాళాదుంపలు చెక్కుతోంది. ఇంటావిడా ఆవిడే, జట్టుకు వంటావిడా ఆవిడే. మొగుడూ కూతురూ కొట్లాడుకుంటే దుంపల చెక్కు పల్చగా తీయడం ఆవిడకు అలవాటు. ఆ రోజు చెక్కు కాగితం కన్నా పల్చగా పడుతోంది.

"ఇంకోటి," అంది బ్రాన్. "మన జట్టు నైరీ ఫోన్ చేసింది. నాకేదో ఆడవాళ్ళ జబ్బని షెడ్డులో చెప్పావట?"

డాట్ చేతిలో కత్తి ఆగింది.

మెర్వ్ గోడ వైపు చూశాడు. గోడ మీద చూడ్డానికేమీ లేదు.

"చెప్పావా, లేదా?"

"మరేం చెప్పమంటావ్? మేస్త్రీ కూతురు మాత్రలకు బానిసైందని చాటింపు వేయించమంటావా? నీ పరువు కాపాడ్డానికే చెప్పాను."

"నా పరువా? డబ్బా పరువు కాపాడావు నువ్వు!" బ్రాన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి కోపంతో వచ్చినవి. అందుకే తుడుచుకోలేదు. "ఆడది కత్తెర మిషను పట్టుకుంటే నడుం విరుగుద్ది అన్నోళ్ళ ముందు ఇన్నేళ్ళూ మగాళ్ళతో సమానంగా కత్తిరించా. ఇప్పుడు నువ్వే వాళ్ళకు నోటికందించావు. చూశారా, ఆడది కదా, ఏదో వచ్చింది, పడిపోయింది అని. నాకు వచ్చింది ఆడవాళ్ళ జబ్బు కాదు. ఆ షెడ్డులో అందరికీ రాబోయే జబ్బు."

"నోరు పెరిగింది నీకు."

"నీ పోలికే."

  అప్పుడు డాట్ ఇటు తిరక్కుండానే, దుంపలతో మాట్లాడుతున్నట్టు అంది.

"డబ్బా పెట్టింది నేను."

"నిన్నెవరూ ఏమీ అనలేదు," అన్నాడు మెర్వ్.

"అనకపోయినా పెట్టింది నేనే. నీ నడుం పోయిన ఏడు, ఇంటికొచ్చి ఈ నేల మీదే బోర్లా పడుకుని ఏడ్చేవాడివి. చూడలేక తెచ్చాను. నీకొకటిచ్చి పక్కవాడికి ఇవ్వకపోతే ఏం బాగుంటుందని డబ్బాలో పోసి పెట్టాను."

"నేనెప్పుడూ ఏడవలేదు!"

"ఏడ్చావు మెర్వ్. చాప కొస నోట్లో కుక్కుకుని ఏడ్చావు."

బ్రాన్‌కు నవ్వొచ్చినంత పనైంది. ముప్పై ఏళ్ళ వయసులో మొదటిసారి వింటోంది ఈ సంగతి. ఒకప్పుడు ఈ మైదానాల్లో మెర్వ్ ట్రెలోర్ అంటే కత్తెర మిషనుకు చేతులొచ్చినట్టుండేది. నడుం పోయాకే మేస్త్రీ అయ్యాడు. తన కష్టం గురించి ఆయన నోటి వెంట ఒక్క మాట రాగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

మెర్వ్ లేవబోయాడు. ఒక చెయ్యి బల్ల మీద, ఒక చెయ్యి కుర్చీ మీద ఆనించి, పళ్ళు బిగించి లేచాడు. మొహం బూడిద రంగులో ఉంది. ఎంత ఎండలోనైనా విప్పని జేబుల కోటు ఒకటుంది ఆయనకు. లేచినప్పుడు దాని జేబు గరగరలాడింది. అందులో ఎప్పుడూ పిప్పరమెంట్లుంటాయి. చిన్నప్పుడు బ్రాన్ షెడ్డు మెట్ల మీద కూర్చుంటే, గంట కొట్టి వచ్చి ఒక పిప్పరమెంటు చేతిలో పెట్టేవాడు. ఆ చప్పుడంటే ఇప్పటికీ ఆమెకు నాన్నే.

"రేపు ఈ డబ్బా షెడ్డుకొస్తుంది. నువ్వు రావు," అన్నాడు.

"నేనూ వస్తా."

"కత్తెర పట్టొద్దన్నారు."

"పట్టను. కాని కత్తిరింపు వరసలో రెండో చోటు నాది. నా బదులు ఇంకా ఎవర్నీ పెట్టలేదుగా? నా చోట్లో నేను నిలబడతా. కాదనే హక్కు మేస్త్రీక్కూడా లేదు, నీకే బాగా తెలుసు." డబ్బాను బల్ల మీద, చాప్స్ పక్కన, దభీమని పెట్టింది. "తీసుకో. దాచుకుంటాననుకున్నావా? ఇది అందరి ముందూ ఉండాల్సిన డబ్బానే. రేపు అందరి ముందే తేల్చుకుందాం."

మెర్వ్ డబ్బాను అలమరలో పెట్టి గదిలోకి వెళ్ళిపోయాడు. తలుపు గట్టిగా వెయ్యలేదు. గట్టిగా వేసుంటే బ్రాన్‌కు ఇంత దిగులు కలిగేది కాదు.

తల్లీకూతుళ్ళు గిన్నెలు కడిగారు. బ్రాన్ తుడిచే గుడ్డ పట్టుకుంది గాని ఆవలింతలు ఆగట్లేదు, ముక్కు కారుతోంది, కాళ్ళల్లో చీమలు పాకుతున్నట్టుంది. ఒళ్ళంతా చల్లగా చెమట పట్టింది.

"జ్వరమా?" అంది డాట్.

"కాదు. మాత్రలు అడుగుతోంది ఒళ్ళు. వస్తుందని చెప్పే పంపారు. కొన్నాళ్ళకు తగ్గుతుందట. వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారు." బ్రాన్ అలమర వైపు చూసి చూపు తిప్పుకుంది. "ఇప్పుడు నేను ఆ అలమర తీస్తే ఆపగలవా అమ్మా?"

 "నువ్వు అడిగితే ఇచ్చేస్తానేమో," అంది డాట్. "నువ్వు బాధపడుతుంటే చూడలేను."

"అందుకే అడుగుతున్నా. రేపు అది బల్ల మీద పెట్టకు."

"పెట్టకపోతే మీ నాన్న అడుగుతాడు."

"అడగనీ. ఆయన అడిగితే నువ్వెందుకు హడలిపోతావు?"

డాట్ కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. 

* * *

పొద్దున్నే డాట్ ఖాళీ జాగా లేకుండా డబ్బా నింపడం బ్రాన్ కళ్ళారా చూసింది. మర్రబెల్లా షెడ్డు దాకా చిన్న ట్రక్కు లాంటి యూట్‌లో ముగ్గురూ ఒకే సీటు మీద ఒకరినొకరు ఒరుసుకుంటూ కూర్చుని వెళ్ళారు.

షెడ్డులో ఆమె చోటు ఖాళీగానే ఉంది. కత్తెర మిషను మేకుకు వేలాడుతోంది. అటు పక్క పెద్దాయన క్లెమ్ రస్ట్, ఇటు పక్క చోట్లలో జట్టులోని ఇద్దరు కుర్రాళ్ళూ వంగి గొర్రెల ఉన్ని కత్తిరిస్తున్నారు. బ్రాన్ తన చోట్లో స్తంభానికి ఆనుకుని నిలబడింది. వాళ్ళ వీపులు చూస్తుంటే తన వీపు సలిపింది. పనిలో ఉన్నప్పుడు నొప్పి ఎవరికీ కనబడదు. ఖాళీగా నిలబడి చూస్తేనే తెలుస్తుంది, అది మనుషులు నిలబడే తీరు కాదని.

ఉన్ని ఎత్తే నైరీ, న్యూజీలాండ్ నుంచి వచ్చిన మావొరీ పిల్ల, చేతుల నిండా ఉన్నితో పోతూ పోతూ ఆగింది. "అక్కా, దెయ్యంలా ఉన్నావు. పడుకోక ఎందుకొచ్చావు?"

"నిన్ను పలకరిద్దామని."

"అబ్బో, నా మొహానికి అంత సీనా?" నవ్వింది గాని, నవ్వుతూనే చెయ్యి పొట్ట మీద వేసుకుని నొక్కుకుంది.

"ఏంటది?"

"ఏం లేదు. మంట. టీ ఎక్కువైనట్టుంది."

బ్రాన్‌కు ఆ మాట తెలుసు. సరిగ్గా ఇదే మాట తనూ అనుకుంది. టీ ఎక్కువైందని, ఎండ ఎక్కువైందని, జామ్ పడలేదని. టీ మీద వెయ్యని నింద లేదు.

టీ వేళ దగ్గరపడింది. డాట్ బల్ల సర్ది కెటిల్ కోసం బయటి వంటగదిలోకి వెళ్ళింది. బల్ల దగ్గర మెర్వ్ ఒక్కడే, అటు తిరిగి నిలబడి కనిపించాడు. స్కోన్ తీసుకుంటున్నాడనుకుంది బ్రాన్. తర్వాత ఆయన వెళ్ళి గంట కొట్టాడు. మిషన్లు ఆగాయి. వంగిన వీపులు ఒక్కొక్కటే, కీచుమంటున్న తలుపుల్లా లేచాయి.

అందరూ చెమట తుడుచుకుంటూ బల్ల దగ్గరకొచ్చేసరికి బ్రాన్ అక్కడుంది. చిలక బొమ్మ మీద అరచెయ్యి పెట్టి ఉంది.

"టీ తాగండి. స్కోన్లు తినండి," అంది. "ఇది మాత్రం నేను మాట్లాడాక."

"బ్రాన్!" అన్నాడు మెర్వ్.

"మేస్త్రీ, ఇది టీ వేళ. టీ వేళ జట్టుది. నీది కాదు." ఆమె అందరి వైపు తిరిగింది. "నాకు ఆడవాళ్ళ జబ్బని చెప్పారట మీకు. కాదు. ఈ మాత్రలు మింగి మింగి నా పొట్టలో పుండు పడింది. నెత్తురు అందుకే కక్కాను. ఇప్పుడు మానేశాను కదా, ఇదిగో చూడండి, చెయ్యి ఎలా వణుకుతోందో. సిగ్గుపడి మూలన కూర్చోమన్నారు. కూర్చోను. ఎందుకంటే మీరందరూ ఇందులోంచే తింటున్నారు."

కుర్రాళ్ళలో ఒకడు టీ కప్పు నోటి దాకా తీసుకెళ్ళి దించేశాడు.

"ఓటు పెడుతున్నా," అంది బ్రాన్. "డబ్బా ఈ బల్ల మీద ఉండాలా, వద్దా."

మెర్వ్ నవ్వాడు. అది మంచి నవ్వు కాదు. "ఓటు తడి గొర్రెలకు. డబ్బాలకు కాదు."

వాన పడినప్పుడు గొర్రెలు తడిగా ఉన్నాయా, పొడిగా ఉన్నాయా అనేది యజమాని చెప్పడు, మేస్త్రీ చెప్పడు. తడి ఉన్ని కత్తిరిస్తే కీళ్ళు పట్టేస్తాయి, ఒళ్ళు పుళ్ళు పడతాయి. అందుకని కత్తిరించేవాళ్ళే రహస్యంగా ఓటేస్తారు. ఈ జట్టులో అగ్గిపుల్లలతో వేస్తారు. టోపీలో విరిచిన పుల్ల వేస్తే తడి, విరవనిది వేస్తే పొడి; ఏవి ఎక్కువైతే అదే తీర్పు. తడని తేలితే ఎంత పెద్ద యజమానైనా నోరు మూసుకుని పని ఆపాల్సిందే. ఆ హక్కు కోసం వీళ్ళ తాతలు దెబ్బలు తిన్నారు. మెర్వ్ తాత కూడా తిన్నాడు.

"తడి గొర్రెకు ఎందుకు ఓటేస్తాం?" అంది బ్రాన్. "ఒళ్ళు పాడవుతుందనేగా? దీంతో నా ఒళ్ళు పాడైంది. ఇది కూడా తడి గొర్రే. క్లెమ్, మా ప్రతినిధివి నువ్వు. చెప్పు, ఓటు పెట్టొచ్చా, పెట్టకూడదా?"

క్లెమ్ రస్ట్ జట్టులో అందరికన్నా పెద్ద. మోకాళ్ళకు కట్లు కట్టుకుని పనిచేస్తాడు. కాసేపు టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు.

"పెట్టొచ్చు పిల్లా. కానీ నా సంగతి ముందే చెప్తున్నా. నేను ఉండాలనే వేస్తా. ఈ మోకాళ్ళతో గొర్రెను పట్టుకోవాలంటే అది కావాలి. డాక్టర్ని చూడాలంటే అంత దూరం పోవాలి, పోయినా ఎప్పుడు దొరుకుతాడో తెలీదు. డబ్బా దగ్గరుంది. నువ్వు తీసేస్తే నా నొప్పి నువ్వు పడతావా?"

 ఆయన అడిగిందాంట్లో అబద్ధం లేదు. బ్రాన్ ఆయన మోకాళ్ళు చూసింది. కట్ల కింద బంతుల్లా వాచి ఉన్నాయి.

"పడలేను," అంది నెమ్మదిగా. "నొప్పికి మందే వద్దని నేననట్లేదు క్లెమ్. అది నీకూ డాక్టరుకూ మధ్య సంగతి. వచ్చే వారం నేను పోవాలి, నాతో రా, నేనే యూట్‌లో తీసుకెళ్తా. నీ పొట్ట సంగతి, నీ గుండె సంగతి చూసి ఏదిస్తే అది వేసుకో. బిస్కెట్ డబ్బాకేం తెలుసు నీ పొట్ట సంగతి?"

"నా పొట్ట కూడా మండుతోంది," అంది నైరీ. పెద్దగా అనలేదు గాని అందరికీ వినిపించింది. "చాలా రోజుల్నుంచి. ఎవరికీ చెప్పలేదు. నాకూ ఓటు కావాలి."

"ఉన్ని ఎత్తేవాళ్ళకు ఓటు లేదు," అన్నాడు మెర్వ్. "ఎప్పుడూ లేదు. కత్తిరించేవాళ్ళకే."

"తినేటప్పుడు అందరిదీ ఒకే డబ్బా, ఓటప్పుడు మాత్రం వేరా?" బ్రాన్ అతని మొహంలోకి చూసింది. "తిన్నవాళ్ళందరికీ ఓటుంది."

"అయితే నాకూ ఉంది."

అందరూ తిరిగి చూశారు. డాట్ కెటిల్ పట్టుకుని కత్తిరింపు నేల మీదుగా నడిచొస్తోంది. ఇన్నేళ్ళ వంటలో ఆవిడ ఆ చెక్క నేల మీద కాలు పెట్టలేదు. వంటావిడ ఎప్పుడూ బయటి దారిన చుట్టూ తిరిగే వచ్చేది. పూర్వం షెడ్డు వైపు ఆడమనిషి వస్తే చాలు, చూసినవాడు "చెరువులో బాతులోయ్!" అని అరిచేవాడు. లోపలివాళ్ళు బూతులాపి చొక్కాలు సర్దుకునేవారు. చిన్నప్పుడు ఆ కేక వినగానే బ్రాన్ తల్లి ఏప్రన్ వెనక దాక్కునేది.

క్లెమ్‌కు అలవాటు కొద్దీ నోరు తెరుచుకుంది. "చెరువులో బా..." అని, మిగతాది మింగేశాడు.

"పూర్తి చెయ్యి క్లెమ్," అంది డాట్. "బాతు వచ్చింది. టీ కూడా తెచ్చింది." కెటిల్ బల్ల మీద పెట్టింది. "డబ్బా నింపే చెయ్యి నాది. అందరికన్నా ముందు నా పుల్ల పడాలి."

 అమ్మను ఇంత గట్టిగా మాట్లాడగా బ్రాన్ ఎప్పుడూ చూడలేదు. ఎదురెళ్ళి వాటేసుకోవాలనిపించింది గాని డబ్బా మీంచి చెయ్యి తియ్యడానికి ధైర్యం చాలలేదు.

మెర్వ్ ఏదో అనబోయాడు. అందరి మొహాలూ చూశాడు. ఏమనుకున్నాడో, ఒక్కసారిగా భుజాలు జారేశాడు. "సరే, కానివ్వండి," అన్నాడు. "వేసుకోండి మీ ఓటు. త్వరగా తేల్చండి. గంట కొట్టాలి."

బ్రాన్‌కు అది వింతగా తోచింది. వానలో తడుస్తూ కూడా ఎండ కాస్తోందని వాదించగల మనిషి, ఇంత తేలిగ్గా ఎలా వదిలాడు?

అగ్గిపెట్టె చేతులు మారింది. ఒక్కొక్కరు అటు తిరిగి, పిడికిలి మూసి, క్లెమ్ టోపీలో పుల్ల జారవిడిచారు. నైరీ కళ్ళు మూసుకుని వేసింది. డాట్ మాత్రం అందరి ముందూ ఎత్తి చూపించి మరీ టక్కున విరిచి వేసింది. రహస్యం పాటించాలని క్లెమ్ విసుక్కుంటే, "నాకేం రహస్యం లేదు," అంది.

క్లెమ్ టోపీని ఉన్ని బల్ల మీద బోర్లించాడు. విరవని పుల్లలు కొన్ని ఉన్నాయి. విరిగినవి వాటికన్నా ఎక్కువున్నాయి. ఆయన వేలితో వాటిని అటూ ఇటూ జరిపి, మళ్ళీ జరిపి, మొహం మాడ్చుకుని నిటారుగా నిలబడ్డాడు.

"తడి," అన్నాడు. "డబ్బా తీసెయ్యాలి. నాకిష్టం లేదు. కానీ ఓటు ఓటే."

బ్రాన్ గెలిచింది. గుండె మాత్రం ఎగిరి గంతెయ్యలేదు. రాత్రంతా కలవరించిన మాత్రలు ఇప్పుడు తన చేతి కిందే ఉన్నాయి. తీసుకెళ్ళి పారెయ్యాల్సింది తనే. దారిలో తన వేళ్ళు తన మాట వింటాయో లేదో ఆమెకు నమ్మకం లేదు. "నైరీ, నాతో రా," అంటూ డబ్బా ఎత్తింది.

డబ్బా ఆమె అనుకున్నంత బరువు లేదు. చేతిలోకి ఊరికే లేచి వచ్చేసింది.

మూత తీసింది. లోపల అడుగున, తుప్పు పట్టిన రేకు తప్ప ఏమీ లేదు.

"అదేంటి?" అంది డాట్. "పొద్దున నిండా పెట్టానే! మూత కూడా సరిగ్గా పట్టలేదు."

 కుర్రాళ్ళు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. క్లెమ్ తన జేబులు తనే తడుముకున్నాడు, పాపం, తనమీదే అనుమానం వచ్చినట్టు. బ్రాన్ ఎవరినీ చూడలేదు. గంట కొట్టకముందు ఈ బల్ల దగ్గర అటు తిరిగి నిలబడిన వీపు ఒకటి ఆమె కళ్ళ ముందు మెదిలింది. బల్లా కుర్చీ పట్టుకుని లేచిన మనిషి మెదిలాడు. ఆ బూడిద రంగు మొహం ఎక్కడ చూసిందో ఇప్పుడు గుర్తొచ్చింది. పడిపోవడానికి ముందు, అద్దంలో, తన మొహమే అలా ఉండేది.

మెర్వ్ గంట వైపు బయల్దేరాడు. నాలుగడుగుల దూరంలో ఆయన కోటు జేబు గరగరలాడింది. రెండో జేబూ గరగరలాడింది.

"నాన్నా."

ఆగాడు. తిరగలేదు.

"జేబులో ఏంటి?"

"పిప్పరమెంట్లు," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "ఇంకేముంటాయి? ఎప్పుడూ ఉండేవే."

బ్రాన్ ఖాళీ డబ్బాను నైరీ చేతిలో పెట్టింది. చెక్క నేల దాటి వెళ్ళి, ఆయనకూ గంటకూ మధ్య నిలబడింది. ఆయన కళ్ళు ఎప్పుడూ చూడనంత దగ్గరగా కనిపించాయి. ఆ కళ్ళల్లో కోపం లేదు. చిన్నపిల్లాడి భయం ఉంది.  తప్పుకుని దారి ఇచ్చేద్దామా అనిపించింది. అందరి ముందు ఈయన్ను ఇలా నిలబెట్టడం కన్నా చచ్చిపోవడం నయమనిపించింది.

తప్పుకోలేదు.

చిన్నప్పుడు మెట్ల మీద కూర్చుని చాచినట్టే అరచెయ్యి చాచింది.

"అయితే నాకొకటి పెట్టు."

 బయట దొడ్లో గొర్రెలు అరుస్తున్నాయి. డాట్ రెండు చేతులతో ఏప్రన్ పట్టుకుని నిలబడింది. మెర్వ్ చెయ్యి మెల్లగా జేబులోకి వెళ్ళింది. రేకులు గరగరమన్నాయి. ఆ చప్పుడు వినగానే బ్రాన్ నోట్లో నీళ్ళూరాయి. అది పిప్పరమెంటు కోసం కాదని ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు.  అయినా చాచిన చెయ్యి దించలేదు.

గంట కొట్టే వేళ అయింది, దాటింది. ఈ జట్టులో ఏనాడూ దాటలేదు. కొట్టాల్సిన చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.